సంపు మీది చెక్క

స్లాబు వేసే రోజు ఎవరి ప్రాణం మీదికొచ్చినా పని ఆగదు. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, అతుకులోంచి నీళ్ళు కారతాయి. అందుకే కాంక్రీటు మాలు కలిపే మిల్లరు పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని చెక్కల ర్యాంపు ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

వాళ్ళలో బుడ్డి వాళ్ళమ్మ ఒకతె. మూడేళ్ళ బుడ్డిని నిలబెట్టిన ఇసక జల్లెడ కాలికి గుడ్డపేలికతో కట్టేసింది. దూడని కట్టినట్టు కన్నబిడ్డని కట్టేయడం ఏ తల్లికి సరదా? నాలుగు అంగల దూరంలో నీళ్ళ సంపు నోరు తెరుచుకుని ఉంది మరి! నెత్తీ నోరూ బాదుకోగా మొన్ననే దానిమీద చెక్క వేశారు. ఇవాళ ర్యాంపుకి చెక్క తక్కువైందని అదే ఎత్తుకుపోయారు. ఎప్పుడూ ఇదే తంతు.

ఖాళీ తట్టతో దిగి చూస్తే జల్లెడ లేదు. పేలిక నేలమీద పడుంది.

"జల్లెడ అటు కావాలన్నారు, విప్పాను" అన్నాడు ఇసక జల్లించేవాడు.

"పిల్లని ఇంకోచోట కట్టద్దా అన్నా?"

"అది నా పనా?"

బుడ్డి సంపు అంచున బోర్లా పడుకుని నీళ్ళకేసి చెయ్యి చాస్తోంది. దాని చెప్పు ఒకటి నీళ్ళలో తేలుతోంది. అరిస్తే ఉలిక్కిపడుతుందని తల్లి నోరు నొక్కుకుని, మెల్లగా వెళ్ళి వెనక నుంచి గౌను పట్టి లాగేసింది. అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు.

"పడలేదు కదా! తట్ట ఎత్తు, మాలు గట్టిపడుతోంది" అన్నాడు మేస్త్రి.

"పడ్డాక వేస్తారా చెక్క? చేతులు కాలాక ఆకులెందుకు మేస్త్రీ?"

"పిల్లని ఇంట్లో ఉంచుకోవాలి."

"మా ఇల్లెక్కడ? ఆ సిమెంటు బస్తాల పక్కన రేకుల కిందే కదా!"

"సాయంత్రం స్లాబు అయ్యాక వేయిస్తాలే."

ఆ మాట విని విని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బుడ్డిని చంకనేసుకుని ర్యాంపు దగ్గరికి నడిచింది. పైనుంచి ఎవరూ దిగడం లేదని చూసుకుని, అన్నిటికంటే కింది చెక్కని ఒంటిచేత్తో ఊడలాగింది. ఈడ్చుకొచ్చి సంపు మీద వేసి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని దానిమీదే కూర్చుంది.

"పని మానేస్తావా? రేపటి నుంచి రాకు!" మేస్త్రి గొంతు చించుకున్నాడు.

"ముందు ఇంకో చెక్క తెప్పించండి."

నిండు తట్టతో ర్యాంపు ముందు ఆగిపోయిన ముసలామె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తట్ట దించి వచ్చి, "జరగవే" అంటూ పక్కన కూలబడింది. ఆ వెనకామె కూడా తట్ట దించింది.

మిల్లరు తిరుగుతూనే ఉంది. దాని నోటి కింద తట్ట పట్టే మనిషి లేదు.