కోయని పేజీ

గిన్నెలో జిగురు హీటరు మీద కరుగుతుండగా జిగురు బాబాయి నరకంలో మూడో గదికి చేరుకున్నాడు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టే మనిషాయన. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలు కుట్టాడే గానీ చదివింది తక్కువ. ఈ నరకాల పుస్తకం మాత్రం పొద్దున్నుంచి ఆయన్ని పని చేసుకోనివ్వడం లేదు.

అందులో దొంగకు చేతులు నరకలేదు. పది చేతులు మొలిపించి, పట్టుకోవడానికి పూచికపుల్ల కూడా లేని మైదానంలో వదిలేశారు. చాడీలు చెప్పేవాడికి ఒంటినిండా చెవులు. తప్పుకూ శిక్షకూ అతుకు కనపడనంత బాగా కుదిరిందని బాబాయి పనివాడిగా మెచ్చుకున్నాడు. ఎడమ భుజం సలుపుతోంటే, పుస్తకాలు నొక్కే ప్రెస్సు మర బిగించినందుకేలే అనుకుని పేజీ తిప్పాడు. చాడీల పేజీ మూల వేలిముద్రలతో నల్లబడిపోయింది. ఎవరూ తమ కోసం చూసుకుని ఉండరు, పక్కింటివాళ్ళ కోసమే.

చివర్లో రెండు పేజీలు అంచు దగ్గర కలిసే ఉన్నాయి. అచ్చయిన నాటి నుంచి వాటిని ఎవరూ కోసి విప్పలేదు. ఇంతమందికీ అక్కర్లేని పాపమేమిటో చూడాలనిపించింది. సన్నటి కత్తి దూర్చి మెల్లగా కోశాడు.

పిలిస్తే పలకనివాళ్ళ గది అది. అక్కడ ఎవరూ కొట్టరు, కాల్చరు. అయినవాళ్ళంతా పక్కనే వీపు తిప్పి కూర్చుంటారు. వీళ్ళు పిలుస్తూ ఉంటారు. అంతే.

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. పదకొండేళ్ళ కిందట అక్క నలుగురిలో ఆయన్ని చేతకానివాడంది. అప్పటి నుంచి మాటల్లేవు. అక్క మాత్రం ప్రతి శుక్రవారం నాలుగింటికి ఈ గదికి ఫోన్ చేస్తుంది. అది మోగి మోగి ఆగేదాకా ఆయన ఏదో పుస్తకానికి అట్ట అంటిస్తూ ఉంటాడు. ఇవాళ శుక్రవారమే. ఆవిడకు విసుగొచ్చి మానేసి ఉంటే ఎలాగని మొదటిసారి భయమేసింది.

నాలుగైంది. మోగలేదు. నాలుగూ పదికి మోగింది.

“అక్కా,” అన్నాడు.



“గొంతు అలా ఉందేం? జలుబు చేసిందా?” అంది అక్క, నిన్న మాట్లాడిన మనిషిలాగే.

ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. పదిచేతుల దొంగ సంగతి చెప్పాడు. మీ బావకు పది మొలిచినా తిన్న కంచం తీయడంది అక్క. ఆదివారం వస్తానన్నాడు. రమ్మంది.

“నీకో పేజీ చదివి వినిపిస్తా. ఉండు, పెట్టేయకు.”

“పెట్టేయనులేరా. పదకొండేళ్ళు ఆగాను.”

రిసీవరు బల్ల మీద పెట్టి పుస్తకం దగ్గరకు వెళ్ళాడు. భుజం నొప్పి ఛాతీలోకి పాకింది. కాస్త ఊపిరి తీసుకుందామని స్టూలు మీద కూర్చుని, విప్పిన పేజీ మీద తల ఆనించాడు. మళ్ళీ లేవలేదు.

హీటరు మీద జిగురు మాడసాగింది. ఫోను పక్కన వెల్లకిలా పెట్టిన రిసీవరు మాత్రం, తొందరేమీ లేకుండా, మధ్యమధ్య “పేజీ దొరికిందట్రా?” అని అడుగుతూనే ఉంది.