ఆకు మడిచే ముందు

చెరపాల్సిన లైన్లు కంప్యూటర్ తెర మీద ఎదురుగానే ఉన్నాయి. ఇమాస్‌కి చెయ్యి మాత్రం ఆడటం లేదు. అవి కాంగ్ నండాంగ్ రాసినవి.

కాంగ్ అంటే అన్నయ్య. బాండుంగ్‌లో ఆమె పనిచేసే చిన్న ఆఫీసులో వయసుతో సంబంధం లేకుండా ఆయన అందరికీ కాంగే. ఉద్యోగం అయిపోయాక గరుట్ వెళ్ళి చెరువులో చేపలు పెంచుకుంటున్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా తన మోకాళ్ళ సంగతి తర్వాత, ముందు "పెట్టె ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు.

ఆ పెట్టె చికాడు కొండ వాలు మీద ఉంటుంది. ఎంత వాన పడిందో కొలిచి, మట్టి జారేలా ఉంటే కింద ఊరివాళ్ళ ఫోన్లకు కబురు పంపుతుంది. దాని లోపలి ప్రోగ్రామంతా కాంగ్ ఒంటి చేత్తో సీ భాషలో రాశారు. ఈ మధ్య అది ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. ఎవరో ఒకరు కొండెక్కి ఆపి, మళ్ళీ ఆన్ చేసి రావాలి. వానలు మొదలయ్యేలోపు బాగుపడకపోతే దాన్ని పీకేసి బయట కొన్న పెట్టె పెడతానని పాక్ హెండార్తో అనే ఆఫీసు పెద్దాయన తేల్చి చెప్పేశారు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. కబురు రాకపోతే పోయేది జనం ప్రాణాలు. కానీ కాంగ్ చేతి పని ఇంకెక్కడా మిగల్లేదు. ఆ ఒక్క పెట్టే ఉంది. అది పాత ఇనప సామాన్ల కొట్టుకి పోయిందని ఆయనకు తను ఎలా చెప్పాలి?

జబ్బేమిటో ఇమాస్‌కి తెలుసు. సీ భాషలో మన వెనక తిరిగి సర్దే పనిమనిషి ఉండదు. మెమరీలో చోటు కావాలంటే అడిగి తీసుకోవాలి, పనయ్యాక మనమే తిరిగి ఇచ్చెయ్యాలి. అందరూ తిన్న కంచం తామే కడిగి పెట్టే ఇల్లులాంటిది. ప్రోగ్రాంలో ఒక్కో పనికి రాసే ముక్కని ఫంక్షన్ అంటారు. కాంగ్ తన ప్రతి ఫంక్షన్ చివర ఈ కడిగే పనంతా వరసగా, శ్రద్ధగా రాశారు. కానీ తర్వాత వచ్చినవాళ్ళు తలో చెయ్యీ వేసి, మధ్య మధ్యలో బయటికి పోయే దారులు పెట్టుకున్నారు. ఆ దారిన పోయేవాడు చివరిదాకా రాడు, కంచం కడగడు. ఎంగిలి కంచాలు పేరుకుని పేరుకుని, చివరికి పెట్టెకి కాలు పెట్టే చోటు లేకుండా పోతోంది.

ఆ దారులన్నీ వెతికి మూసినా రేపు ఇంకొకరు ఇంకోటి తెరుస్తారు. దీని గురించి ఆలోచిస్తుంటేనే ఆమెకు అందరూ కలిసి తినే బొత్రామ్ విందు గుర్తొచ్చింది.

కాంగ్ ఉన్న రోజుల్లో ఎక్కడ కొత్త పెట్టె పెట్టినా పని అయిన చోటే బొత్రామ్ జరగాల్సిందే. నేలమీద పొడుగ్గా అరిటాకులు పరిచి, నిమ్మగడ్డి వేసి వండిన వేడన్నం, ఉప్పు చేప, సంబల్ కారం, పచ్చి ఆకులు కుప్ప పోసేవారు. అటూ ఇటూ కూర్చుని ఒకే ఆకులో అందరూ తినేవారు. కంచాలు ఉండవు, కడుగుడు ఉండదు. ఎవరు మధ్యలో లేచిపోయినా ఫరవాలేదు. చివర్లో ఆకు మడిచేస్తే అంతా శుభ్రం.

ఒకసారి ఆ మడత ఇమాసే పెట్టింది. అప్పుడు ఆమె ఉద్యోగంలో చేరిన కొత్త. ఉత్సాహం కొద్దీ గబగబా చుట్టేసి, వాగు పక్క చెత్త గుంటలో పడేసి వచ్చింది. తిరుగు దారిలో జీపులో కాంగ్ పెదవి విప్పలేదు. తనేం తప్పు చేసిందోనని ఆమె దారి పొడుగునా బిక్కచచ్చిపోయి కూర్చుంది. అసలు విషయం ఏమిటంటే, ఆయన కొత్తగా కట్టించుకున్న పళ్ళ సెట్టు నమలడానికి కుదరక తీసి, ఎవరికీ కనపడకుండా ఆకు అంచున చిన్న ఆకు ముక్క కింద పెట్టుకున్నారు. అది కూడా మడతలో పోయింది. మర్నాడు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, "మడిచే ముందు ఎవరిదేముందో ఓ మాట అడగాలమ్మా" అన్నారు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు. తోటి ఉద్యోగి దార్మా మాత్రం ఆమెను ఏడాదిపాటు ఏడిపించాడు. అప్పటినుంచీ ఆకు మడిచే ముందు ఎవరో ఒకరు "పళ్ళు!" అని కేకెయ్యడం, అందరూ ఉంగరాలు, కళ్ళజోళ్ళు, తాళాలు తడుముకోవడం వాళ్ళకి ఆనవాయితీ అయిపోయింది.

అలా ఆకు పేరుతోనే ఆమె ఒక మాక్రో, అంటే పెద్ద పనిని ఒక్క మాటలో ఇమిడ్చే చిట్కా, కట్టింది. తీసుకున్న చోటు పేరు ముందు ఆ ఒక్క మాట రాస్తే చాలు. ఆ ఫంక్షన్‌లోంచి ఏ దారిన బయటికి పోయినా, రాసినదాన్ని పెట్టెకి అర్థమయ్యేలా మార్చే కంపైలరే ఆకు మడిచినట్టు మడిచేసి చోటు వెనక్కి ఇచ్చేస్తుంది. ఇక కాంగ్ రాసిన కడిగే లైన్లతో పని లేదు.

వాటిని చెరపడమే ఆమెకు చేతకావడం లేదు. చేరిన కొత్తలో ఆ లైన్లు చూసే ఆమె పని నేర్చుకుంది. పక్క బల్ల దగ్గర్నుంచి దార్మా తొంగి చూశాడు.

"ఏంటలా సమాధి ముందు కూర్చున్నట్టు కూర్చున్నావు? ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఈపాటికి చేపలకి మేత వేస్తుంటారు."

"నువ్వు చెరుపు చూద్దాం."

"నాకెందుకమ్మా ఆ పాపం," అని దార్మా టీ గ్లాసుతో అటు తిరిగాడు.

చివరికి ఇమాస్ గరుట్‌కే ఫోన్ చేసింది. కాంగ్ అంతా విని, కడిగే పని తప్పితే సంతోషించాలి గానీ ఏడుస్తారా అని కోప్పడ్డారు. ఆకు అనే పేరు మాత్రం ఇంకోసారి చెప్పమన్నారు. ఫోన్‌లో చేపలు నీళ్ళు కొట్టే చప్పుడు వినపడింది.

ఆమె కూర్చుని ఒక్క ఊపున కాంగ్ లైన్లన్నీ చెరిపి, ప్రతి చోటా ఆకు మాట తగిలించేసింది. బల్ల మీద పరీక్ష పెట్టెలో వేస్తే అది బిగుసుకోవడం మానేసింది. పాక్ హెండార్తో కూడా తలూపారు. తీరా కొండ మీది పెట్టెలో వేశాక కొత్త తంటా వచ్చింది. కబుర్లు వస్తున్నాయి, కానీ కొన్నిట్లో మాటలే ఉండటం లేదు, పిచ్చి గీతలు. కొన్ని బాగానే ఉంటున్నాయి. జబ్బెక్కడుందో పట్టడం లేదు. అవతల కొండల మీద మబ్బు పట్టేసింది. ఈ వారంలో తేలకపోతే పీకేయిస్తానని పెద్దాయన మళ్ళీ చెప్పేశారు.

ఇమాస్, దార్మా కలిసి చికాడు వెళ్ళారు. పొద్దుటినుంచీ వైర్లు పీకి, పెట్టి, చూసి విసిగిపోయారు. మధ్యాహ్నం కింద ఊరి ఆడవాళ్ళు అన్నం, ఉప్పు చేప పంపిస్తే పెట్టె పక్కనే ఆకు పరుచుకున్నారు. ఇద్దరే. ఒకప్పుడు చోటు చాలక మోకాలికి మోకాలు తగిలేది. ఆకులో సగం ఖాళీగా ఉండటం ఇద్దరూ చూశారు.

తిన్నాక ఇమాస్ ఆకు మడవబోయింది.

"పళ్ళు!" అన్నాడు దార్మా అలవాటుగా.

ఆమె చెయ్యి మడత మధ్యలో ఆగిపోయింది.

"కబురు రాసే ఫంక్షన్‌లో కూడా ఆకు పెట్టాను దార్మా," అంది మెల్లగా. "కబురు రాసి బయటికి పంపాలి కదా. పంపేలోపే ఆకుతో పాటు దాన్నీ మడిచేస్తోంది."

"మరి కొన్ని బాగానే వస్తున్నాయిగా?"

"పారేసిన చోట్లోకి ఇంకెవరూ వచ్చి కూర్చోకపోతే పాత మాటలే కనపడతాయి. బల్ల మీది పరీక్ష పెట్టెలోకి ఎవరొస్తారు? ఇక్కడ వాన లెక్కలొచ్చి కూర్చుంటున్నాయి."

దార్మా ఆమెకేసి చూసి, "రెండోసారి కూడా నువ్వే మడిచావన్నమాట," అన్నాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.

అక్కడే మోకాళ్ళ మీద కంప్యూటర్ పెట్టుకుని ఇంకో చిన్న మాక్రో రాసింది. బయటికి తీసుకుపోవాల్సిన దాన్ని ముందు ఆకులోంచి తీసి చేతికిస్తుంది, ఆ చోట ఏమీ లేదని గుర్తు పెడుతుంది. తర్వాత ఆకు మడిచినా పోయేదేమీ ఉండదు. దానికి ఏం పేరు పెట్టాలో ఆలోచించే పనే పడలేదు. వాళ్ళ భాషలో పళ్ళు అని పెట్టేసింది. దార్మా చూసి, ఆఫీసులో పెద్దవాళ్ళు చదివితే ఏమనుకుంటారన్నాడు. అడిగితే చెబుదాంలే అంది.

ఆ సాయంత్రమే మొత్తం ప్రోగ్రాం కాంగ్‌కి కూడా పంపింది.

ఆ వారం చివర్లో వాన దిగింది. ఆఫీసు రేకుల మీద చప్పుడుకి మాట వినపడటం లేదు. ఇమాస్ ఫోన్ బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది. పాక్ హెండార్తో వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. కబురు వచ్చింది. చికాడులో వాన ఎంతో, మట్టి ఎంత తడిసిందో, వాలు కింది ఇళ్ళవాళ్ళు బడికి చేరాలని, ప్రతి అక్షరం కుదురుగా ఉంది. కాసేపటికి ఊరిపెద్ద ఫోన్ చేసి అందరం బడికి చేరామన్నాడు. పాక్ హెండార్తో కొత్త పెట్టె కొనే కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు.

వెంటనే ఫోన్ మళ్ళీ మోగింది. కాంగ్ నండాంగ్. కబుర్లు అందుకునేవాళ్ళలో ఆయన పేరు మొదటినుంచీ ఉంది, ఎవరూ తీసెయ్యలేదు.

"వచ్చిందమ్మా," అన్నారు ఆయన. "పళ్ళతో సహా వచ్చింది."