ఆయన కడిగిన పొయ్యి

ఆదివారం పొద్దున నా మొదటి పని పొయ్యి బొజ్జలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టడం. బూడిదంటే నాకేమీ అసహ్యం లేదు. అసహ్యమంతా బూడిదలో దొరికేవాటితోనే. సగం కాలిన కోడి ఎముకలు, వాటిని పట్టుకుని వేలాడే తోలు, ఉమ్మి తడికి ఉబ్బిన సిగరెట్ పీకలు, కరిగి ముద్దయిపోయిన ప్లాస్టిక్ గ్లాసులు, ఎవరో ముక్కు తుడుచుకుని ఉండచుట్టి విసిరిన కాగితం. శనివారం సాయంత్రం మా ఆయనా, ఆయన స్నేహితులూ దాని ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. చేతికందే దూరంలో చెత్తబుట్ట ఉంటుంది, నేనే పెడతాను. అయినా నోట్లోంచి తీసినదాన్ని నిప్పులోకి విసరడంలో ఏదో మగతనం ఉన్నట్టుంది, బుట్ట ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. "నిప్పులో పడ్డాక అన్నీ కాలిపోతాయి, నీదంతా చాదస్తం" అంటారాయన. కాలవు. కాలనివన్నీ నా గోళ్ళ కిందికి వస్తాయి. సబ్బుతో ఎంత రుద్దినా సోమవారం దాకా ఆ కాలిన కొవ్వు వాసన వదలదు, అన్నం ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళినప్పుడల్లా అదే ముందు ముక్కుకి తగులుతుంది.

షాపులో దాని పేరు చిమినియా. మట్టితో చేసిన పెద్ద బొజ్జ, ముందు తెరిచిన నోరు, పైన పొగ పోవడానికి పొడుగాటి మెడ. ఇంట్లో మేం బొజ్జ పొయ్యి అంటాం. నేను తోట సామాన్ల దుకాణంలో పనిచేస్తాను. కుండీలు, ఆరుబయట వేసుకునే కుర్చీలు, ఇలాంటి పొయ్యిలు అమ్మడం నా ఉద్యోగం. కొనడానికి వచ్చినవాళ్ళకి చెప్పాల్సిన మాటలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇనుపదైతే పగలదు గానీ దాని ఒళ్ళంతా కాలుతుంది, చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు. మట్టిది మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది, కాకపోతే దానితో ఓపిక కావాలి. అడుగున ఇసుక పొయ్యాలి. కొత్తలో చిన్న చిన్న మంటలు పెట్టి, ప్రతిసారీ పూర్తిగా చల్లారనిచ్చి, దాన్ని వేడికి అలవాటు చెయ్యాలి. చెక్క మీద కాకుండా రాతి పలకల మీద నిలబెట్టాలి. పైన చూరు గానీ, కొమ్మ గానీ, బట్టలారేసే తీగ గానీ ఉండకూడదు. ఎండిన కట్టె తప్ప ఏమీ వెయ్యకూడదు. ఆర్పాలంటే ఇసుకే, నీళ్ళు కాదు. మట్టి తడిని పీల్చుకుంటుంది, ఆ తడి లోపలుండగా పెద్ద మంట పెడితే నీరంతా ఆవిరై, బయటికి దారి లేక గోడని బద్దలు కొట్టుకుని వస్తుంది. ఇదంతా శ్రద్ధగా విని, కొనడానికొచ్చిన పెద్దమనిషి నా భుజం మీదుగా చూస్తూ, "ఇక్కడ ఇవి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా?" అంటాడు. మా సూపర్‌వైజర్ టీ తాగిన మూతిని చేత్తో తుడుచుకుంటూ వస్తాడు. నేను చెప్పినదాన్నే, నా మాటలతోనే, మధ్యలో ఒకటి రెండు తప్పులు కలిపి చెప్తాడు. అప్పుడు పెద్దమనిషికి నమ్మకం కుదురుతుంది.

ఇంట్లో సూపర్‌వైజర్ అవసరం కూడా లేదు. ఎవరో స్నేహితుడింట్లో చూసొచ్చి మా ఆయన పొయ్యి మీద మనసు పడ్డారు. ఇనుపదే కావాలన్నారు, నల్లగా, బరువుగా, చూస్తేనే గంభీరంగా ఉంటుందట. మా పాప చెయ్యి తగిలితే తోలు ఊడొస్తుందని నేను పట్టుబడితే మట్టిది వచ్చింది. ఆ పొయ్యి విషయంలో నా మాట నెగ్గింది ఆ ఒక్కసారే, అది కూడా నాకు మిగల్లేదు. "పిల్ల ఉంది కదా, అందుకే నేను ఇనుపది వద్దన్నాను" అని వచ్చినవాళ్ళందరికీ ఆయనే చెప్పుకుంటారు. పెరట్లో రాతి పలకలు పరిచింది నేను, ఇసుక మోసింది నేను. మొదటి వారమంతా సాయంత్రాలు గుప్పెడు పుల్లలతో చిన్న మంటలు పెడుతుంటే, "ఏంటి, దానికి పాలు పట్టిస్తున్నావా?" అని నవ్వారాయన. అత్తయ్య కిటికీలోంచి చూసి, "మట్టి పొయ్యి బాధ పడలేక గ్యాసు స్టవ్వు తెచ్చుకున్నాం, ఇప్పుడు డబ్బు పోసి మళ్ళీ మట్టి పొయ్యే కొన్నారు" అన్నారు. ఆవిడ నోటినుంచి వచ్చిన మాటల్లో నాకు నచ్చినది అదొక్కటే. పొయ్యిని వసారాలోకి, చెక్క నేల మీదికి జరుపుదామని ఆయన అన్నప్పుడు నేను వద్దంటే, "నీకు ప్రతిదానికీ భయమే" అన్నారు. పక్కనే బొమ్మలు వేసుకుంటున్న మా పాప తలెత్తకుండానే, "అమ్మకి ఊరికే భయం, కదా నాన్నా?" అంది.

అది మూడో తరగతి చదువుతోంది. ఈ ఇంట్లో ఎవరిది మాటో, ఎవరిది నసో దానికి అప్పటికే తెలిసిపోయింది. ఎముకలూ సిగరెట్ పీకలూ ఏరుకోవడం నా ఖర్మ అనుకున్నాను గానీ ఆ పిల్ల నోట ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. నన్ను ఎవరేమనుకున్నా ఫరవాలేదు, నా కూతురు మాత్రం ఆ తక్కెడ చేత పట్టుకుని పెద్దది కాకూడదు. ఎలా ఆపాలో మాత్రం తెలియలేదు.

మా ఆయన పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో. అక్కడ పై కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఆ కుర్చీ కోసం మేనేజర్‌నీ, ఆయన భార్యనీ శనివారం సాయంత్రం మా ఇంటికి పిలిచారు. నేను ఒంటిపూట పని చేసుకుని ఇంటికొచ్చి పెరట్లోకి చూద్దును కదా, మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక చేత్తో నీళ్ళ పైపు, ఇంకో చేత్తో నేను గిన్నెలు తోముకునే పీచు పట్టుకుని పొయ్యిని కడుగుతున్నారు. సబ్బు నురగ పొయ్యి నోట్లోంచి కారుతోంది. లోపలి ఇసుక బురదయింది. పాప మగ్గుతో మెడలోంచి నీళ్ళు పోస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఆయన కడిగిన మొదటి వస్తువు అదే, ఇంట్లో కడగకూడని వస్తువూ అదొక్కటే.

"చూశావా, నా కొడుకు పనిలోకి దిగితే ఎలా ఉంటుందో! నువ్వూ తోముతావు రోజూ, ఏ గిన్నెకైనా ఇంత మెరుపొచ్చిందా?" అన్నారు అత్తయ్య. ఆయన చేతికి కాఫీ ఇచ్చి, తువ్వాలుతో వీపు తుడిచారు. నలభై దాటిన మనిషి, చంటిపిల్లాడిలా వీపు వంచి తుడిపించుకున్నారు.

"ఏవండీ, ఇది బాగా తడిసిపోయింది. ఇవాళ వెలిగించకండి. రెండు మూడు రోజులైనా ఎండలో ఆరాలి" అన్నాను.

"ఇంత ఎండ ఉంది, సాయంత్రానికి ఆరిపోతుందిలే."

"పైన ఆరుతుంది, లోపల ఆరదు. మంట పెడితే పగులుతుంది."

"మొగుడు ఒక పని చేస్తే బాగుందనే గుణం లేదు నీకు. షాపు పాఠాలు షాపులోనే చెప్పుకో."

"నాన్న ఎంత బాగా కడిగాడమ్మా!" అంది పాప, నా చీర కుచ్చెళ్ళు తడిచేత్తో పట్టుకుని. దాని ముఖంలో సంతోషం చూసి ఇంకేమీ అనలేకపోయాను. గిన్నెల పీచుని చెత్తలో పడేశాను. కుర్చీలన్నీ పొయ్యికి బాగా దూరంగా వేశాను. ఒక ఇనుప బకెట్ నిండా ఇసుక తెచ్చి పక్కన పెట్టాను. పాపని పిలిచి, "ఇవాళ దాని దగ్గరికి వెళ్ళకు, సరేనా?" అన్నాను. "సరే" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

మేనేజర్ గారు మెతకమనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ఆయన భార్య వచ్చీరాగానే, "ఎంత శుభ్రంగా ఉంచారండీ పొయ్యిని, కొత్తదానిలా ఉంది" అన్నారు. మా ఆయన వినయంగా నవ్వారు. ఆ తరువాత కట్టెలు మెడ దాకా కుక్కి మంట పెట్టారు. "అంత దూరంలో కూర్చుంటే ఇక వెచ్చదనం ఏముంది సార్?" అంటూ కుర్చీలన్నీ పొయ్యి ముందుకి లాగేశారు. నేను వంటింటికీ పెరటికీ మధ్య ప్లేట్లు మోస్తున్నాను. మూడోసారి బయటికి వచ్చేసరికి, పాప నాన్న పట్టుకోమన్న మాంసం ముక్కల పళ్ళెంతో సరిగ్గా పొయ్యి నోటి పక్కన నిలబడి ఉంది. "మా పాపకి నిప్పంటే భయం లేదు సార్. పూర్తిగా నా పోలికే" అంటున్నారాయన, ఎముకని చీకి మంటలోకి విసురుతూ.

అప్పుడు వినిపించింది. టిక్. మళ్ళీ టిక్. పొయ్యి మెడ కింద సన్నటి తడి గీత, దాని వెంట తెల్లగా ఆవిరి.

"అందరూ కొంచెం వెనక్కి జరగండి. ఇది పగిలేలా ఉంది" అన్నాను.

ఎవరూ కదల్లేదు. "గాలికి తలుపు కొట్టుకున్నా మా ఆవిడ ఇంతే సార్" అన్నారు మా ఆయన. మేనేజర్ గారు మర్యాదగా నవ్వారు, ఆయన కింది పెదవి మీద నూనె మెరుస్తోంది. నేను రెండోసారి చెప్పలేదు. వెళ్ళి పాపని చంకల కింద చేతులు వేసి ఎత్తి వెనక్కి లాగేశాను. పళ్ళెం కింద పడింది. "అయ్యో, ముక్కలన్నీ మట్టిపాలు!" అని అత్తయ్య అరుస్తుండగానే ఫట్‌మని బొజ్జ పక్కకి విచ్చుకుంది. గోడ ముక్కొకటి ఎగిరిపోయి, మండుతున్న కట్టెలూ నిప్పులూ పలకల మీదికి దొర్లాయి. పాప చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. నా కళ్ళ ముందే ఆ చెప్పు నల్లగా ముడుచుకుపోయింది. నేను పాపని దించి, నిప్పుల మీద ఇసుక పోశాను. మగవాళ్ళిద్దరూ వసారా మెట్ల మీద ఉన్నారు, అంత తొందరగా ఎప్పుడెక్కారో తెలియదు. మా ఆయన మేనేజర్ గారి ప్యాంటుకి అంటిన బూడిద దులుపుతున్నారు. పిల్లకేమైనా తగిలిందా అని అడిగింది మేనేజర్ గారి భార్య ఒక్కరే.

పొగ తగ్గాక మేనేజర్ గారు దగ్గరికి వచ్చి, పగిలిన ముక్కని చెక్కపుల్లతో తిరగేశారు. "లోపల తడిగా ఉంది చూశారా? ఇలాంటివి క్లెయిముల్లో చాలా చూశాను. దీన్ని ఎవరైనా కడిగారా?" అన్నారు. వృత్తి అలవాటు తప్ప ఆ అడగడంలో ఇంకేం లేదు.

"మా ఆవిడ సార్" అన్నారు మా ఆయన. రెప్ప కూడా వాల్చలేదు. "పొద్దున కడిగినట్టుంది, నాకు ఒక్క మాట చెప్పలేదు. తెలిస్తే నేను వెలిగించేవాణ్ణా?"

"దానికి శుభ్రం పిచ్చి బాబూ. ఎంత చెప్పినా వినదు" అన్నారు, మధ్యాహ్నం ఆయన వీపు తుడిచిన అత్తయ్య.

పొయ్యిలోంచి నేను ఏరే ఎంగిలి ఎముకలన్నీ కలిపి ఎవరో నా నోట్లో కుక్కినట్టయింది. కోపం కాదు, అసహ్యం. ఇది కొత్త కూడా కాదు. ఆయన పోగొట్టిన తాళాలు నలుగురిలో నేను పోగొట్టినవయ్యాయి. ఆయన మర్చిపోయిన చుట్టాల పెళ్ళి నేను మర్చిపోయినదయింది. ఆయన పరువు కోసం ఎన్ని సార్లు "అవునండీ, నాదే పొరపాటు" అన్నానో. ఇప్పుడూ అనేదాన్నే. నోరు తెరిచాను కూడా.

ఆలోపలే ఆయన పాప వైపు తిరిగి, బుజ్జగింపుగా, "కదా బంగారం? అమ్మే కదా కడిగింది?" అన్నారు.

ఒంటి చెప్పుతో నిలబడి ఉంది పిల్ల. నాన్నని చూసింది, నన్ను చూసింది. చిన్నగా నవ్వి, తలూపింది. భయపడి ఊపి ఉంటే ఎత్తుకుని ఓదార్చేదాన్ని. అది భయం కాదు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు నాన్న ముఖం చిన్నబోకుండా సర్దింది, చిరిగిన దుప్పటి కనపడకుండా మంచం సర్దినట్టు. ఆ సర్దడం నేను ఏ రోజూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకుంది. వంట, గిన్నెలు, బూడిద ఇవన్నీ ఈ ఇంట్లో పైపని. అసలు చాకిరీ ఆ తలూపడమే, దానికి అప్పుడే రెండో మనిషిని పెట్టుకున్నారు.

"పాపని అడగకండి" అన్నాను. "నన్ను అడగండి."

ఆ మాట మా ఆయనతో కాదు, మేనేజర్ గారితో అన్నాను. ఆయన పుల్ల కింద పెట్టి నా వైపు చూశారు.

"కడిగింది ఈయన. మధ్యాహ్నం, పైపుతో, సబ్బు పెట్టి. ఈ పూట వెలిగించొద్దు, పగులుతుంది అని చెప్పింది నేను. కుర్చీలు దూరంగా వేసింది నేను, దగ్గరికి లాగింది ఈయన. పిల్లని పొయ్యి నోటి దగ్గర నిలబెట్టింది కూడా ఈయనే."

"లోపలికి పద. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు మా ఆయన పంటి బిగువున.

"ఏం తల్లీ, ఇంటి గుట్టు ఇలాగేనా?" అన్నారు అత్తయ్య.

"ఇలాగే అత్తయ్యా. ఇకనుంచి ఇలాగే" అన్నాను.

పాప ఇంకా తలూపుతూనే ఉంది. నాన్న మాటకీ, నానమ్మ మాటకీ, నా మాటకీ కూడా, ఎవరికీ కోపం రాకుండా, అదే చిన్న నవ్వుతో. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తలని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, గట్టిగా ఆపాను.