మూగ పీపా

డాక్టర్ హరనాథ్‌కి కూతురు వైన్ చేసే ఆ షెడ్డులో ఒక్కటీ సవ్యంగా కనిపించలేదు. షామ్‌బర్గ్ ఆసుపత్రిలో జీవితమంతా మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఏది ఆరోగ్యమో ఏది రోగమో చూడగానే చెప్పేయగలననే నమ్మకం బాగా ముదిరిపోయింది. కూతురు అదితి మాత్రం ఆయనకి రోగంలా కనిపించిన ప్రతిదాన్నీ చూపించి మురిసిపోతోంది.

అసలు ఎండ కాయని కొండ మీద ద్రాక్షతోట ఏమిటి? కాలిఫోర్నియా అంటే ఎండలే అనుకుని ఆయన పల్చటి చొక్కాలు సర్దుకొచ్చాడు. ఇక్కడ చూస్తే పసిఫిక్ సముద్రం మీంచి పొగమంచు కొండెక్కి వచ్చి, పిలవని చుట్టంలా మధ్యాహ్నం దాకా కదలదు.

"ఈ చలికి పళ్ళెలా పండుతాయే?"

"స్లోగా పండుతాయ్ నాన్నా. అదే కదా పాయింట్. ఎండ ఎక్కువైతే షుగర్ పెరిగిపోద్ది, పులుపు పోద్ది. ఈ ఫాగ్ పులుపుని కాపాడుద్ది."

లోకంలో కాపాడాల్సినవి ఇన్ని ఉండగా పులుపుని కాపాడటమేమిటో ఆయనకి బోధపడలేదు. దాన్ని కాపాడటానికి క్యారీ అనే ఊళ్ళో మందుల కంపెనీ ఉద్యోగం మానుకుని రావడం మరీ బోధపడలేదు. తల్లి శశికళ చనిపోయి ఏడాది తిరక్కుండానే అదితి ఆ పని చేసింది. ఎందుకని ఫోన్లో అడిగితే, "ఇక్కడ బావుంది నాన్నా" అంది. అదొక జవాబా?

షార్డొనే అనే తెల్ల ద్రాక్షని గుత్తులతోనే పిండి, రసం తీశామని ఫోటోలు చూపించింది. రసం టీ డికాషన్‌లా గోధుమరంగులో ఉంది. పాడైందేమో అన్నాడాయన. ఆ రంగంతా అడుక్కి దిగిపోతుంది, పైన తేటగా మిగులుతుంది అంది కూతురు. పులియడానికి ఏం కలిపావంటే, ఏమీ లేదంది.

"తోడెయ్యకుండా పెరుగు తోడుకుంటుందటే?"

"తోడు పళ్ళ తొక్క మీదే ఉంది నాన్నా. దానంతటదే పులుస్తుంది."

ఆయన తల ఊపాడు. అర్థమై కాదు, అలసిపోయి.

పెద్ద వైనరీలో జీతానికి పనిచేస్తూ, ఈ షెడ్డులో సొంతంగా రెండంటే రెండు ఓక్ చెక్క పీపాలు పెట్టుకుంది పిల్ల. మొదటి ఏడాది, మొదటి పంట. ఇవి నిలబడితే తనూ నిలబడినట్టే. ఎడమవైపు పీపాలోంచి గాజు గొట్టంతో కాస్త తీసి తండ్రి చేతికిచ్చింది. గుక్క నోట్లో పోసుకున్నాడో లేదో, ఆయన కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయాయి.

"అబ్బ! మీ అమ్మ పెట్టిన పులుసులా ఉందే!"

ఆయన తిట్టాననుకున్నాడు. అదితి మొహం చూస్తే వెలిగిపోతోంది. "రియల్లీ?" అని రెండుసార్లు అడిగింది. దీనికి సంతోషమెందుకో కూడా ఆయనకి అంతుపట్టలేదు.

శశికళ చేతి పులుపు అలాంటిలాంటిది కాదు. ఆవిడ పులుసు పెట్టిన రోజున హరనాథ్ పెరుగు గిన్నె పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. "పులుసన్నంలో పెరుగు కలిపే మనిషిని మా వంశంలో ఎరగం" అని ఆవిడ దెప్పేది. దెప్పుతూనే "ఇంకొంచెం వెయ్యనా?" అని గరిటె ముందుకు చాపేది. ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. పెళ్ళయినప్పటినుంచీ అదే వరస.

మర్నాడు పెద్ద వైనరీలో కోతల పని పడి, అదితి అక్కడే నాలుగు రోజులుండేలా బయల్దేరింది. ఒక చేతిలో బ్యాగూ, ఇంకో చేతిలో బూట్లూ పట్టుకుని కార్ దగ్గరినుంచే అరిచింది.

"నాన్నా, రెండిట్లో ఒకదానికి ఒంట్లో బాలేదు. షుగర్ మిగిలిపోయి ఫర్మెంటేషన్ ఆగిపోయేలా ఉంది. వచ్చాక వార్మ్ చేస్తా. రెండోది పర్ఫెక్ట్. నువ్వేం ముట్టుకోకు, ఓకే?"

ఒంట్లో బాగాలేనిది ఏదో చెప్పలేదు. ఆయనా అడగలేదు. రోగం దేనికో ఒకరిని అడిగి తెలుసుకునే డాక్టరా ఆయన?

సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి రెండు పీపాలకీ చెవి ఆనించాడు. కుడివైపుది ఉండుండి 'బుడుక్' మంటోంది. ఎడమది మూగగా పడి ఉంది. ఊపిరి ఉన్నది ఏదో, లేనిది ఏదో తెలిసిపోయింది. పైగా నిన్న పళ్ళు జివ్వుమనిపించింది కూడా అదే కదా! అంత పులుపు ఆరోగ్యలక్షణం ఎలా అవుతుంది?

ముట్టుకోవద్దంది నిజమే. కానీ నాలుగు రోజులాగితే ప్రాణం పోదూ? షామ్‌బర్గ్ చలిలో పెరుగు తోడుకోకపోతే గిన్నెకి తువ్వాలు చుట్టి, ఓవెన్లో లైటు మాత్రం వేసి ఉంచడం శశికళ పద్ధతి. ఆవిడ పోయాక ఆయనా నేర్చుకున్నాడు. పీపా ఓవెన్లో పట్టదు కాబట్టి, తన మంచం మీది కరెంటు దుప్పటి తెచ్చి దాని చుట్టూ బిగించి కట్టాడు. అన్ని రాత్రులూ తను ముడుచుకుని వణుకుతూ పడుకున్నాడు.

అదితి తిరిగొచ్చే రోజు పొద్దున పీపా పలికింది. లోపల సన్నగా చిటచిటమని చప్పుడు. ముసలాయన పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కారు ఆగగానే చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్ళాడు.

"బతికించానమ్మా!"

అదితి దుప్పటి చూసింది. పీపా మీద చెయ్యి వేసింది. గొట్టంతో కాస్త తీసి వాసన చూసింది, నాలిక మీద వేసుకుంది. బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"ఇది కాదు నాన్నా. పక్కది."

"పక్కది చప్పుడు చేస్తోందే?"

"అదే ప్రాబ్లం. ఎప్పుడో అయిపోవాల్సింది, ఇంకా ఈడుస్తోంది. ఇది పని అయిపోయి సైలెంట్‌గా ఉంది. వచ్చాక సల్ఫర్ వేసి ఈ పులుపుని ఇలాగే ఉంచుదామనుకున్నా. వెచ్చగా ఉంటే వేరే బ్యాక్టీరియా లేస్తాయ్. పచ్చి పులుపుని తినేసి పెరుగు పులుపులా మెత్తగా చేసేస్తాయ్."

"ఆపలేమా?"

"పోయింది తిరిగి రాదు. సగంలో ఆపితే ఇటూ కాదు, అటూ కాదు."

హరనాథ్ చెవులు కాలాయి. సూది పట్టుకునే ముందు ప్రతి పేషెంటు చేతి పట్టీ చూసి, పేరూ పుట్టినరోజూ వాళ్ళ నోటితోనే చెప్పించుకున్న మనిషి. ఒక్కనాడూ పొరపడలేదు. తీరా కన్నకూతురి దగ్గర మందు సరైనదే ఇచ్చాడు, వేరే పేషెంటుకి.

అదితి తిట్టలేదు. దుప్పటి విప్పి, కుడివైపు పీపాకి కట్టి, స్విచ్ వేసింది. తిడితే ఎంత బావుండును! కోపమో, ఏడుపో, క్షమించేసిందో ఆయనకి ఏమీ తెలియలేదు. ఎడమ పీపాలోది గ్లాసులో పోసి, చేతికిచ్చి తాగమంది.

తాగాడు. నున్నగా దిగింది. పళ్ళు జివ్వుమనలేదు. నిజం చెప్పొద్దూ, ఆయనకి నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది.

"బావుంది కదా?" అంది అదితి.

"బావుంది" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"తెలుసు. పెరుగు కలిపేశావ్ నాన్నా." అంది పీపా మీద చెయ్యి వేసి. "అమ్మ పులుసు ఇంకెవరికీ రాదు. నాకు అస్సలు రాదు, ఎన్నిసార్లు ట్రై చేశానో. ఇక్కడి వైన్ ఫస్ట్ టైం తాగినప్పుడు ఆ పులుపు దొరికింది. అందుకే వచ్చేశా. ఈ ఫాగ్‌లోకి."

తను చెయ్యి అడ్డం పెట్టిన పులుపు కోసం పిల్ల ఉద్యోగం వదులుకుని వచ్చింది. దొరికించుకుంది. తను దుప్పటి కప్పాడు.

"ఏమీ మిగల్లేదా తల్లీ?" అని అడిగాడు.

ఫ్రిజ్‌లో చిన్న సీసా ఉంది. దుప్పటి కట్టకముందే, ల్యాబ్ పరీక్షకి పంపడానికని ఎడమ పీపాలోంచి తీసిపెట్టగా అడుగున మిగిలింది. గ్లాసులో కొంచెమే పోసింది అదితి. ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు. కళ్ళు మళ్ళీ మూసుకుపోయాయి. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"పెరుగు కావాలా?" అంది అదితి మెల్లిగా.

హరనాథ్ అడ్డంగా తలూపి, ఖాళీ గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకొంచెం వెయ్యి."