నిలువు చూసే గుండు

స్టూలెక్కి ఆమె కప్పు కొక్కేనికి దారం కడుతోంది. దారం కొసన ఒక బీరువా తాళంచెవి వేలాడుతోంది. బీరువా ఎప్పుడో తుక్కుకింద పోయింది గాని, తాళంచెవి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఫిజియోథెరపీ గదిలో ఉద్యోగం వెలగబెడుతోంది. దాని ముందు నేల మీద సుద్దతో రెండు పాదాలు గీసి ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఎదుటి గోడకున్న నిలువుటద్దం వైపు తిరిగి ఆ పాదాల మీద నిలబడతారు. ఆమె వెనక చతికిలబడి, దారం వెన్ను మీదుగా ఎక్కడ దిగుతోందో ఒంటికన్నుతో చూసి, పక్కకు ఎన్ని వేళ్ళు తప్పిందో కాగితం మీద రాసుకుంటుంది.

ఆసుపత్రిలో అందరికీ ఆమె కొలతలమ్మ. మనుషుల ముఖాలు మరిచిపోతుంది గాని మడమలు మరిచిపోదు. మొదటిసారి కలిసినప్పుడు తన ముఖం కంటే ముందు తన చెప్పులు ఏ వైపు అరిగాయో చూసిందని భర్త ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు. అవి రెండువైపులా సమంగా అరిగాయట, అందుకే ఒప్పుకుందట.

ఎవరినీ ఆమె నిటారుగా నిలబడమని అడగదు. ఆ మాట అంటే చాలు, తనిఖీకి వచ్చిన అధికారి ఎదురైనట్టు రొమ్ము విరుచుకుని ఊపిరి బిగబడతారు. అందుకని ఊరికే నిలబడమంటుంది, మాటల్లో పెడుతుంది. మాటల్లో పడ్డాక ఒళ్ళు తన అసలు తీరుకు వచ్చేస్తుంది.

ఈరోజుతో ఆమె ఉద్యోగం అయిపోతుంది. సాగనంపులంటే చిరాకు కాబట్టి వచ్చేవాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అయినా పొద్దుటినుంచి ఆమె గుండె కుదురుగా లేదు, దానికి కారణం మేస్త్రీ. పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి. మూడు నెలల కింద వచ్చినప్పుడు తల దారానికి నాలుగు వేళ్ళు ఎడమకు పోయేది. నెల తిరిగేసరికి రెండయింది, పోయినవారం సున్నా. ఈరోజూ సున్నా వస్తే మళ్ళీ పరంజా ఎక్కవచ్చని ఆమె కాగితం ఇస్తుంది. మనవరాలు చదివే బడికి పై అంతస్తు లేస్తోంది, ఆ గోడ తానే కట్టాలని ఆయన పట్టు. ఇంత చక్కటి కేసుతో పని ముగించడం ఎవరికి దక్కుతుందని ఆమె లోలోపల పొంగిపోతోంది.

అప్పుడే కిటికీలోంచి బయటికి చూసింది. వరండా కుళాయి దగ్గర మేస్త్రీ నీళ్ళు తాగుతున్నాడు. ఎడమ కాలి మీద బరువు వేసి, ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు.

ఆయన లోపలికి వచ్చాడు, సుద్ద పాదాల మీద నిలబడ్డాడు, అద్దంలోకి చూశాడు. అంతే, రవ్వంత కదిలి దారానికి సరిగ్గా అతికినట్టు నిలిచాడు. సున్నా. అప్పుడు ఆమెకు వెలిగింది. అద్దంలో ఆయన నెత్తి పైన దారం కనబడుతోంది. నలభై ఏళ్ళు గోడల నిలువు చూసిన కన్ను, వేలాడే దారం కనబడితే దానికి సరిచేయకుండా ఊరుకోదు. ఆయన మోసమేమీ చేయలేదు, ఆయనకు ఆ సంగతే తెలియదు. తప్పంతా తనదే. మూడు నెలలుగా తాను రాసిన అంకెలన్నీ ఉత్తవేనా?

మంచం మీది దుప్పటి లాగి అద్దం మీద కప్పేసింది. కళ్ళు మూసుకోమని, తన చేత్తో మొట్టమొదట కట్టిన గోడ గురించి చెప్పమని అడిగింది.

మేస్త్రీ నవ్వాడు. అది ఒక కోళ్ళ గూడు గోడట. పైవరస రాయి పెట్టీ పెట్టగానే ఒక పుంజు ఎగిరి దాని మీద కూర్చుంటే, కూలిపోతుందేమోనని తాను దండం పెట్టాడట. చెబుతూ చెబుతూ దారాన్ని మరిచిపోయాడు. ఆయన తల మెల్లగా ఎడమకు జరిగింది. ఆమె వేళ్ళు ఆనించి చూసింది. ఒకటి. ఒకటిన్నర. అక్కడ ఆగింది.

నాలుగు కాదు, ఒకటిన్నర! ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. సున్నా ఉత్తదే గాని బాగుపడటం నిజమే. దుప్పటి తీసి జరిగినదంతా ఆయనకు చెప్పింది. మేస్త్రీ ముఖం వాడిపోయింది.

"మరి కాగితం, డాక్టరమ్మా?"

"మీరే చెప్పండి మేస్త్రీగారూ. ఇలాంటి గోడ మీద పై అంతస్తు ఎత్తుతారా?"

ఆయన నేల మీది సుద్ద గీతలను చూశాడు.

"ఎత్తను. ముందు నీళ్ళు పట్టి గట్టిపడనివ్వాలి. ఇంకో నెల."

నేల మీద నిలబడి పని చేసుకోవచ్చని, పరంజా మాత్రం నెల తర్వాత మళ్ళీ చూశాకేనని ఆమె రాసి ఇచ్చింది. కాగితం మడుస్తూ ఆయన, ఇంతమందిని నిలబెట్టారు గదా, మీరెప్పుడైనా నిలబడ్డారా అని అడిగాడు. లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఊహే రాలేదు. నవ్వుకుంటూ వెళ్ళి దారం పక్కన నిలబడింది. నిలబడ్డాక ఎందుకో భయం వేసింది. మేస్త్రీ ఒక కన్ను మూసి పక్కనుంచి నిదానంగా చూశాడు.

"ముందుకు వంగారమ్మా, మూడు వేళ్ళు. మా మడమలు చూసీ చూసీ." మళ్ళీ చూశాడు. "పడే గోడ కాదులెండి."

ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. కాగితాలు సర్దే మిషతో అటు తిరిగింది.

వెళ్ళబోతూ ఆయన సంచిలోంచి తన ఇత్తడి గుండు తీశాడు. గోడ నిలువు చూసే గుండు, తండ్రి నుంచి వచ్చింది. అది చేతిలో ఉంటే పరంజా ఎక్కకుండా ఉండలేనని, నెల తిరిగాక వచ్చి మీ చేతినుంచే తీసుకుంటానని, అందాకా ఇక్కడే ఉంచమని అన్నాడు. ఈరోజే తన ఆఖరిరోజన్న సంగతి చెప్పకుండా ఆమె సరేనంది.

సాయంత్రం సుద్ద పాదాలను మరోసారి దిద్దింది. అద్దం మీద దుప్పటి కప్పింది. రేపు రాబోయే కొత్తావిడకు ఒక చీటీ రాసి బల్ల మీద పెట్టింది: 'మేస్త్రీగారిని అద్దం ముందు నిలబెట్టవద్దు. మొదటి గోడ గురించి అడగండి. గుండు ఆయనది, ఒరుగు ఒక్క వేలు లోపుకు వస్తేనే ఇవ్వండి.' తాళంచెవిని దారం నుంచి విప్పి చేతిసంచిలో వేసుకుంది. వీధి మలుపు దాకా, ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా, వీపు నిటారుగా పెట్టి నడిచింది.

ఖాళీ గదిలో కొక్కేనికి కట్టిన ఇత్తడి గుండు కాసేపు అటూ ఇటూ ఊగి, సుద్ద పాదాల వెనక ఆగింది.