గురువారం జపం

ముసోలినీ మనుషులు కతోలిక కూలీల సంఘాన్ని మూయించాక, ఇటలీలో సొరెజీనా పట్నం దగ్గరి ఆ పల్లెలో సంఘం పశువుల కొట్టంలోకి మారింది. ఎవరైనా వస్తే చేతిలో జపమాల, నోట మరియమ్మ ప్రార్థన. అదీ ఏర్పాటు.

ఆ గురువారం పంటలో వాటా గురించి మాట్లాడుకుంటుండగా ముసోలినీ నల్లచొక్కాల దళం నాయకుడు ఫెర్మో తన మనుషులతో తలుపు తోసుకొచ్చాడు. సంఘం పెద్ద జెలిందో చటుక్కున మోకరిల్లి, "మొదటి దుఃఖ రహస్యం..." అంటూ జపం అందుకున్నాడు.

ముసలి దెజొలీనాకు ఒళ్లు మండిపోయింది. ఏ రోజు జపంలో క్రీస్తు జీవితంలోని ఏ ఘట్టాలు, అంటే ఏ రహస్యాలు, తలుచుకోవాలో ఊళ్లో సగం మందికి నేర్పిన నోరు ఊరుకుంటుందా?

"నీ మొహం! గురువారం సంతోష రహస్యాలు కదరా! దుఃఖానివి రేపు!"

అనేశాక నాలుక కరుచుకుంది.

ఫెర్మో పకపకా నవ్వాడు. "రోజూ ఇక్కడ జపమే చేస్తామన్నావు కదరా జెలిందో? పద, మిగతాది ఠాణాలో చెబుదువుగాని. అవ్వా, చిన్నప్పుడు నాక్కూడా నువ్వేగా నేర్పింది!"

జెలిందోను ఈడ్చుకుపోయారు. కొట్టంలో ఎవరూ దెజొలీనా వైపు చూడలేదు. ఆమె మోకరిల్లి జపమాల తీసింది. గురువారమే అయినా, జెలిందో ఆపిన చోటి నుంచి దుఃఖ రహస్యాలే అందుకుంది.