ఆరు సీసాల సాక్ష్యం

తన ఉత్తరాలు పిచ్చాసుపత్రి గడప దాటడం లేదని థర్జా పెల్‌కి తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇస్త్రీ చేసిన కాలర్లు ఇవ్వడానికి డాక్టరు గారి గదికి వెళితే, తెరిచి ఉన్న రోగుల పుస్తకంలో తన చేతిరాత కనిపించింది. చెల్లెలు లొవీనాకి రాసిన తొమ్మిది ఉత్తరాలూ ఒకదాని మీద ఒకటి గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. పక్కన డాక్టరు ఇలా రాసుకున్నాడు: “అతిగా రాస్తుంది. ఇంటికి పంపమనే ధోరణి తగ్గలేదు.”

ఇంటికి పంపమనడమే జబ్బయితే ఇక మనిషి బాగుపడేదెలా?

బిడ్డ పోయాక మూడు నెలలు నోరు విప్పలేదు థర్జా. నిజమే. ఆ మూడు నెలలకే భర్త లెమ్యుయెల్ సంతకం పెట్టి ఇక్కడ దించాడు. మాట వచ్చి ఏడాది దాటినా తీసుకెళ్లలేదు. ఆగస్టులో చూడ్డానికొచ్చి, టోపీ ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. “మీ లొవీనా వాళ్లు వచ్చే ఏప్రిల్లో ఒహాయో వదిలేసి ఆరెగన్ పోతున్నారట. నీకు చేతులు నొప్పులనీ, నీ బదులు నేనే రాస్తున్నాననీ చెప్పాను.”

“నేనిక్కడున్నానని చెప్పలేదా?”

“ఎలా చెప్పమంటావ్? పరువన్నది ఉండద్దూ!”

దేశానికి ఆ చివరనున్న ఆరెగన్ వెళ్లినవాళ్లు తిరిగి రారు. ఏడేళ్ల కిందట స్టేషన్లో లొవీనా రైలెక్కిన పూట, తన బూటు తాడు ఊడిందని వంగి ముడేసుకుంటూ థర్జా తల ఎత్తనేలేదు. ఎత్తేసరికి రైలు మలుపు తిరిగింది. ఆ ముడి ఇప్పటికీ వేళ్ల మధ్య మెదులుతూనే ఉంటుంది. ఏప్రిల్ లోపల లొవీనాకి తానెక్కడుందో తెలియాలి. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు, వచ్చి తలుపులు బాదుతుంది.

ఇస్త్రీ గదిలో వార్డు ఆయా హనోరా తలనొప్పికని ‘డాక్టర్ ట్రిప్లెట్ నరాల టానిక్కు’ అనే సీసా మందు గుటక వేస్తుండగా థర్జాకి ఉపాయం తట్టింది. ఆ మందు కంపెనీ ఏటా డిసెంబరులో ఊరూరా ఉచితంగా పంచాంగం పంచుతుంది. లొవీనా వంటింట్లో అది పొయ్యి పక్కన మేకుకి వేలాడుతుంది. మొక్కజొన్న ఎప్పుడు నాటాలో చూడ్డానికి కాదు, మందు తాగి బాగుపడ్డవాళ్లు రాసిన ఉత్తరాలు చదవడానికే లొవీనా దాన్ని కిందికి దించుతుంది. ఉత్తరం కింద పేరూ ఊరూ పూర్తిగా వేస్తారు.

“హనోరా, నీ ఆర్డరు కాగితంతో పాటు నాదొక ఉత్తరం పెడతావా?”

“నా ఉద్యోగం ఊడగొట్టాలని ఉందా తల్లీ? రోగుల ఉత్తరాలు చుట్టాలకి చేరవేయకూడదని గోడ మీద రాసి పెట్టారు.”

“చుట్టాలకని ఉంది. మందుల కంపెనీకని ఎక్కడుంది? అచ్చులో పడితే ఆరు సీసాలు ఊరికే ఇస్తారట. అవన్నీ నువ్వే తాగు.”

హనోరా సీసా బిరడా బిగించింది. “ఆరా?”

కిటికీ దగ్గర దిండు గలీబులు మడతపెడుతున్న ముసలి అబయా కిసుక్కుమంది. ఆమె ఇక్కడికొచ్చి పందొమ్మిదేళ్లు. “రాయవే పిల్లా, రాయి. ఇందులో ఉన్నవాళ్లం నిజం చెబితే ఎవరూ నమ్మరు. అబద్ధమైనా అచ్చేయించు.”

థర్జా ఒక్క చుక్కయినా తాగని టానిక్కుని రెండు పేజీలు పొగిడింది. చివర మాత్రం నిజం రాసింది: “ఒహాయోలో ఉన్న లొవీనాకి అక్కని, థర్జా పెల్‌ని. కార్వర్స్ మిల్స్‌లో మా ఇంట్లో లేను. రాష్ట్ర పిచ్చాసుపత్రిలో, మూడో వార్డులో ఉన్నాను.”

డిసెంబరు మూడో వారంలో హనోరా పంచాంగాన్ని ఏప్రన్ కింద దాచి తెచ్చింది. థర్జా చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఉత్తరం ఉంది. తాను రాసిన పొగడ్తలూ ఉన్నాయి. ఆ కింద:

“పిచ్చాసుపత్రిలో ఆశ వదులుకున్న నన్ను ఆరు సీసాలు నిలబెట్టాయి. ఇప్పుడు మా ఇంట్లో నా బట్టలు నేనే ఉతుక్కుంటూ, భర్తతో సుఖంగా ఉన్నాను. — ఒహాయోలో ఉన్న లొవీనాకి అక్క, మిసెస్ థర్జా పెల్, కార్వర్స్ మిల్స్.”

“నేనిలా రాయలేదు,” అంది థర్జా. “హనోరా, నేను ఇలా రాయలేదు!”

“చూశావా, మన డాక్టరుకి చేతకానిది వాళ్లు ఒక్క సిరా చుక్కతో చేశారు,” అంది అబయా. “నిన్ను ఇంటికి పంపేశారు.”

“నువ్వు నోర్ముయ్! హనోరా, మళ్లీ రాస్తాను. తప్పని చెబుతాను.”

“మందు పనిచేయలేదని చెబితే అచ్చేస్తారా, వెర్రిదానా? సీసాలు కూడా వచ్చేశాయి. ఇంక నన్ను ఇరికించకు.”

థర్జా ఇస్త్రీ పెట్టె ఎంత వేడెక్కిందో చూడకుండా గుడ్డ మీద రుద్దింది. ఆ సాయంత్రం వార్డంతా కమురు వాసన వేసింది.

చలికాలమంతా ఆమె ఒక్కటే లెక్క వేసుకుంది. లొవీనా తెలివైనది. నా ఉత్తరాలు ఎలా ఉంటాయో తలచుకుంటుంది, ఇది నా మాట తీరు కాదని పట్టేస్తుంది. ఫిబ్రవరి వెళ్లింది. మార్చిలో మంచు కరిగి బురదయింది. తలుపు గొళ్లెం చప్పుడైన ప్రతిసారీ ఇస్త్రీ ఆగిపోయేది.

ఏప్రిల్లో డాక్టరు కబురు పెట్టాడు. చేతిలో విప్పిన ఉత్తరం ఉంది.

“మీ చెల్లెలు మీ ఇంటి చిరునామాకి రాశారమ్మా. సంతోషకరమైన ఉత్తరం, ఇవ్వమని మీ ఆయన పంపారు. ఆ సీసాల వాళ్లకి రాసింది మీరేనా? పోనీలెండి.”

థర్జా నిలబడే చదివింది.

“అక్కా, బావ నీకు చేతులు నొప్పులని రాస్తుంటే నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. ఆవును అమ్మి, ఆ డబ్బుతో ముందు నీ దగ్గరికి వచ్చి, నిన్ను కళ్లారా చూశాకే బళ్లు కట్టిద్దామని మా ఆయనతో పోట్లాడాను. ఇంతలో పంచాంగంలో నీ ఉత్తరం చూశాను. నా పేరు కూడా వేయించావు! బావ ఆసుపత్రి సంగతి దాచినందుకు కోపం వచ్చింది గానీ, నువ్వు ఇంట్లో ఉన్నావు, బాగున్నావు, అంతే చాలు. ఇక రావడం మానుకున్నాను. పన్నెండున బయల్దేరుతున్నాం. నిశ్చింతగా వెళుతున్నాను.”

“ఈవేళ తేదీ ఎంతండీ?”

“పందొమ్మిది.”

“డాక్టరు గారూ, ఒక్క ముక్క రాయండి. మీరే రాయండి, నేను రాయను. వాళ్లు దారిలో ఏదో ఊళ్లో ఆగుతారు. నేనిక్కడున్నానని, అంతే.”

“సంతోషంగా వెళుతున్న మనిషిని ఎందుకమ్మా కంగారు పెట్టడం?” డాక్టరు నిజంగానే జాలిగా అడిగాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఇస్త్రీ గదిలో పొయ్యి రాజేసి ఉంది. అబయా గలీబుల మీంచి తల ఎత్తింది.

“ఏమే, మీ చెల్లెలేనా? ఏం రాసింది?”

థర్జా పొయ్యి మీంచి ఇస్త్రీ పెట్టె తీసి, తడి వేలితో తట్టి చూసింది.

“నేను బాగున్నానట,” అంది.